పచ్చిక బయలు – పాత విమానము: ‘పైపర్ కబ్’ చరిత్ర

విమానాశ్రయము అనగానే మైళ్ళ పొడవున పరచిన కాంక్రీటు రన్‌వేలు, రాత్రియు పగలు వెలుగు దీపములు, వందలకొలది ప్రయాణికులను మోయు జెట్ విమానములు కండ్ల యెదుట నిలుచును. కాని విమానము పుట్టినది కాంక్రీటు మీద కాదు. 1903లో రైట్ సోదరులు ఎగిరినది కిట్టీహాక్ ఇసుక నేలలయందు. 1904, 1905 సంవత్సరములలో వారు తమ విద్యకు మెరుగు పెట్టుకొనినది డేటన్ నగర సమీపమున పశువులు మేయు బీడులో. తరువాత చాలకాలము విమానములకు పచ్చిక బయలే పుట్టినిల్లు, మెట్టినిల్లు.

కాలక్రమమున పెద్ద విమానములు ఆ బయళ్ళను విడిచి పోయినవి. విడువనివి కొన్ని కలవు. వాటిలో ఎక్కువ పేరు గాంచినది ‘పైపర్ కబ్’ అను రెండు ఆసనముల చిన్న విమానము. దీనిలో ‘జె-3’ అను రకము కడపటిసారి తయారైనది 1947లో. అనగా నేడు ఆకాశమున కనబడు ప్రతి జె-3 విమానము చేతులు మారినదే, ఎన్నో ఏండ్లు వాడబడినదే. ఉక్కు గొట్టములతోను, గుడ్డతోను కట్టిన ఇంత పాత యంత్రమును నమ్మి మనుష్యులు ఎట్లు ఎగురుచున్నారు? చిన్న బయలులో అది ఎట్లు దిగగలుగుచున్నది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము కొంత చరిత్రలోను, కొంత భౌతికశాస్త్రములోను లభించును.

ఇద్దరు మనుష్యులు – ఒక పులికూన

1920–30 దశకము చివర అమెరికాలో సి. జి. టేలర్ అను యువకుడు తన సోదరుడు గార్డన్‌తో కలసి చిన్న విమానములను నిర్మించుచుండెను. 1928లో గార్డన్ విమాన ప్రమాదమున మరణించెను. టేలర్ పట్టు విడువలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రమున బ్రాడ్‌ఫర్డ్ అను పట్టణమునకు తన కార్ఖానాను మార్చెను. అది చమురు బావుల ఊరు. ఆ ఊరి చమురు వ్యాపారులలో విలియం టి. పైపర్ ఒకడు. అతడు 1881లో జన్మించినవాడు, యంత్రశాస్త్రము చదివినవాడు. టేలర్ కంపెనీలో అతనికి కొంత వాటా ఏర్పడెను.

టేలర్ నిర్మించిన ‘చమ్మీ’ విమానము ఖరీదు దాదాపు నాలుగు వేల డాలర్లు. 1929లో అమెరికా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలెను. తినుటకే కరవైనపుడు విమానము కొనువా డెవడు? కంపెనీ దివాలా తీసెను. దాని ఆస్తులను పైపర్ 761 డాలర్లకు కొని, టేలర్‌ను తనతోనే ఉంచుకొనెను. విమానము ధనికుల విలాస వస్తువుగా ఉన్నంత కాలము దానికి బ్రతుకు లేదనియు, సామాన్యుడు కొనగలిగినదై, నేర్చుకొనుటకు సులభమైనదై ఉండవలెననియు పైపర్ అభిప్రాయము.

ఆ ఆలోచనకు తగిన ఇంజను మాత్రము వెంటనే దొరకలేదు. 1930లో ‘టైగర్ కిట్టెన్’, అనగా పులికూన, అను పేరుగల 20 అశ్వశక్తుల ఇంజనును అమర్చి చూచిరి. విమానము బయలంతయు పరుగెత్తి కొన్ని అడుగులు మాత్రమే పైకి లేచెను. పులికూన పనికి రాకపోయినను పేరు మాత్రము మిగిలెను. ‘కబ్’ అనగా జంతువు పిల్ల. 1931లో కాంటినెంటల్ కంపెనీవారి ఎ-40 అను 37 అశ్వశక్తుల ఇంజను లభించుటతో ‘ఇ-2 కబ్’ నిజముగా ఎగిరెను. వెల 1,325 డాలర్లు.

పైపర్, టేలర్‌ల పొత్తు ఎక్కువ కాలము సాగలేదు. వాల్టర్ జమూనో అను యువ ఇంజనీరు కబ్ రూపమును మార్చి, రెక్కల కొనలను గుండ్రముగా చేసి, ఆసనముల చోటును మూసి, ‘జె-2’ను రూపొందించెను. తన నమూనాను ఇతరులు దిద్దుట టేలర్‌కు నచ్చలేదు. అతడు విడిపోయి ‘టేలర్‌క్రాఫ్ట్’ అను పేరుతో వేరొక సంస్థను స్థాపించి, పైపర్‌కు పోటీదారు ఆయెను. 1937 మార్చిలో బ్రాడ్‌ఫర్డ్ కార్ఖానా అగ్నికి ఆహుతి అయ్యెను. పైపర్ నిరుత్సాహపడక లాక్‌హేవెన్ అను ఊరిలో మూతపడిన ఒక పట్టుమిల్లును తీసుకొని, తన పేరనే కంపెనీ నడిపెను. ఆ పట్టుమిల్లులోనే 1938లో జె-3 కబ్ వెలువడెను. పసుపుపచ్చని రంగు, ప్రక్కన మెరుపు తీగవంటి నల్లని చార – ఇదియే దాని వేషము. మొదట 40 అశ్వశక్తులుగల ఇంజను 1940 నాటికి 65 అశ్వశక్తులకు పెరిగెను.

తక్కువ వేగములోని లాభము

విమానమును పైకెత్తు ఉత్థాపక బలము నాలుగింటిపై ఆధారపడి యుండును: గాలి సాంద్రత, రెక్కల వైశాల్యము, రెక్క గాలిని తాకు కోణమును రెక్క ఆకృతిని తెలుపు ఒక గుణకము, వేగము యొక్క వర్గము. కోణమును పెంచినకొలది గుణకము పెరుగును. కాని దానికి ఒక హద్దు కలదు. ఆ హద్దు దాటిన వెంటనే రెక్కపై గాలి సాఫీగా జారక చెదరిపోవును. ఉత్థాపక బలము పడిపోవును. దీనినే ‘స్టాల్’ అందురు. స్టాల్ కాకుండ విమానము ఎగురగల కనిష్ఠ వేగమే దిగుటకు ఎంత నేల కావలెనో నిర్ణయించును.

ఈ కనిష్ఠ వేగము రెక్కల భారముతో ముడిపడి యున్నది. మొత్తము బరువును రెక్కల వైశాల్యముచే భాగించగా వచ్చునది రెక్కల భారము. జె-3 గరిష్ఠ బరువు సుమారు 550 కిలోగ్రాములు. రెక్కల వైశాల్యము సుమారు 16.6 చదరపు మీటర్లు. కావున ప్రతి చదరపు మీటరు మోయునది 33 కిలోగ్రాములు మాత్రమే. ఆ కాలముననే ప్రయాణికులను మోసిన డగ్లస్ డీసీ-3 విమానము గరిష్ఠ బరువు సుమారు 11,400 కిలోగ్రాములు, రెక్కల వైశాల్యము 91.7 చదరపు మీటర్లు. అచ్చట చదరపు మీటరుకు 124 కిలోగ్రాములు పడును. ఇది కబ్ భారమునకు దాదాపు నాలుగు రెట్లు. వేగము వర్గములో ఉన్నది గనుక, ఇతర విషయములు సమానమైనచో, నాలుగు రెట్ల భారమునకు రెండు రెట్ల వేగము కావలెను.

జె-3 స్టాల్ వేగము గంటకు సుమారు 61 కిలోమీటర్లు. గట్టి రోడ్డుపై బస్సు పోవు వేగమిది. నేలను తాకిన విమానములో ఉన్న గతిశక్తి కూడ వేగము యొక్క వర్గమును అనుసరించును. అందువలన వేగము సగమైనచో, బ్రేకు బలము మారకున్న, ఆగుటకు కావలసిన దూరము నాల్గవ వంతు అగును. గాలి లేనపుడు, సముద్రమట్టమున, గట్టి నేలపై జె-3 నూరు మీటర్లకు కొంచెము అటునిటుగా పరుగెత్తి లేచును, అంత దూరములోనే దిగి ఆగును. దూర ప్రయాణమునకు ఈ వేగము చాలదు. ప్రయాణవేగము గంటకు 120 కిలోమీటర్లు మాత్రమే. కాని నేర్చుకొనువాడు పొరపాటు చేసినపుడు దిద్దుకొనుటకు వ్యవధి యిచ్చునది ఈ నిదానమే.

పచ్చిక గుణము, పచ్చిక దోషము

గడ్డి నేలపై చక్రము దొర్లుట కాంక్రీటుపై దొర్లుటకంటె కష్టము. గడ్డి ఏపుగా పెరిగినపుడు, నేల మెత్తబడినపుడు లేచుటకు పరుగు దూరము పెరుగును. దిగునపుడు ఈ నిరోధము కొంత మేలే చేయును గాని, వానకు తడిసిన గడ్డిపై చక్రములు పట్టు దొరకక జారును. ఈ లెక్కలు తెలియక చిన్న బయలునుండి పైకి లేవబూనిన వారికి ఎదుటి చెట్లే పాఠము చెప్పును.

కబ్ ఈ నేలకు తగినట్లు కట్టబడినది. రెండు పెద్ద చక్రములు ముందు, ఒక చిన్న చక్రము తోక క్రింద ఉండును. నిలిచినపుడు ముక్కు ఎత్తుగా ఉండుటచే ప్రొపెల్లరు గడ్డికిని, రాళ్ళకును అందదు. టైర్లు లావుగా, మెత్తగా ఉండును. కుదుపులను ఓర్చుటకు ఖరీదైన యంత్రాంగము లేదు. రబ్బరు త్రాళ్ళ చుట్టలు మాత్రమే కలవు. త్రాళ్ళు సాగినచో మార్చుట సులభము. పెట్రోలు ఎంత మిగిలినదో తెలుపుటకు టాంకు మూతలోనుండి పైకి వచ్చు ఒక తీగ, దాని అడుగున బెండు ఉండును. పెట్రోలు తగ్గినకొలది తీగ క్రిందికి దిగును.

దీనిలో చిక్కు లేకపోలేదు. ముక్కు ఎత్తుగా ఉండుటచే నేలపై ఎదుట ఏమున్నదో కనబడదు. పైగా ఒంటరిగా నడుపువాడు వెనుక ఆసనమున కూర్చుండవలెను. కావున నేలపై పాము నడకవలె అటునిటు త్రిప్పుచు పోవుదురు. విమానము గురుత్వకేంద్రము పెద్ద చక్రములకు వెనుక ఉన్నందున, దిగునపుడు కొంచెము ప్రక్కకు తిరిగినచో ఆ తిరుగుడు తనంతట తానే హెచ్చి విమానము గిర్రున తిరిగిపోవును. పాదముల నేర్పుతో దీనిని ముందుగనే అరికట్టవలెను.

నాలుగు వైపులు తెరపిగానున్న బయలుకు మరియొక గుణము కలదు. గాలి ఎటునుండి వీచినను దానికి ఎదురుగా దిగవచ్చును. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉన్నచో, 61 కిలోమీటర్ల వేగముతో దిగు కబ్‌కు నేలపై వేగము 41 మాత్రమే. 41 వర్గమును 61 వర్గముచే భాగించగా 0.45 వచ్చును. అనగా ఆగు దూరము సగముకంటె తక్కువ.

బడినుండి యుద్ధరంగమునకు

1938 చివర అమెరికా ప్రభుత్వము కళాశాల విద్యార్థులకు విమానవిద్య నేర్పు పథకమును ప్రకటించెను. 1944లో అది ముగియునప్పటికి సుమారు 4 లక్షల 35 వేలమంది శిక్షణ పొందిరి. వారిలో పెక్కుమందికి మొదటి బడి కబ్ విమానమే.

యుద్ధము రాగా సైన్యము కబ్‌నే ‘ఎల్-4’ అను పేరుతో తీసుకొనెను. శత్రువు ఫిరంగులు ఎచట నున్నవో పైనుండి చూచి రేడియో ద్వారా తెలుపుట దాని ముఖ్యమైన పని. 1941లో జరిగిన సైనిక విన్యాసములలో ఎగుడుదిగుడు నేలపై గంతులు వేయుచు దిగిన ఈ విమానమును చూచి ఒక సేనాని ‘మిడత’ అని పిలిచెను. ఆ పేరు స్థిరపడెను. 1942 నవంబరులో ఉత్తర ఆఫ్రికా తీరమున మూడు ఎల్-4 విమానములు రేంజర్ అను విమానవాహక నౌకపైనుండి లేచినవి. యుద్ధకాలమున ఇవి 5,000కు పైగా తయారైనవి.

వీటిలో ఒకదాని కథ ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించును. ఇల్లినాయి రాష్ట్రమున ఉన్నత పాఠశాలలో చరిత్ర బోధించిన చార్లెస్ కార్పెంటర్ అను నతడు యుద్ధములో ఎల్-4 నడిపెను. అతడు రెక్కల క్రింది ఊతకమ్ములకు ఆరు బజూకా గొట్టములను కట్టించి, 1944 సెప్టెంబరులో ఫ్రాన్సులోని అరాకూర్ వద్ద జర్మను ట్యాంకులపై రాకెట్లు పేల్చెను. విమానమునకు ‘రోజీ ది రాకెటర్’ అని పేరు పెట్టెను. యుద్ధానంతరము అతడు మరల బడి పంతులుగా పని చేసెను. 1966లో మరణించెను. అతని విమానము ఏమైనదో చిరకాలము ఎవరును పట్టించుకొనలేదు.

మిగులు సరకు

1945లో యుద్ధము ముగియగానే, వేలకొలది చిన్న విమానములను సైన్యము అమ్మివేసెను. ఇంటికి తిరిగి వచ్చిన ప్రతి వైమానికుడు తనకొక విమానము కొనుననుకొని కంపెనీలు కొత్త విమానములను కూడ కుప్పలుగా కట్టినవి. 1946లో అమెరికాలో ముప్పది వేలకు పైగా చిన్న విమానములు తయారైనవి. మరుసటి సంవత్సరమే ఆ సంఖ్య దాదాపు సగమునకు పడిపోయెను. చవకగా దొరకు పాత విమానములు, చల్లారిన ఉత్సాహము కలసి సంతను ముంచివేసినవి. 1947లో పైపర్ జె-3 తయారీని ఆపెను. అప్పటికి సైన్యమునకు ఇచ్చినవి కలుపుకొని దాదాపు 20,000 కట్టబడినవి. దానికి వారసుడుగా 1949లో రెక్కలకు ఫ్లాపులు గల ‘సూపర్ కబ్’ వచ్చెను.

కొత్త విమానముల కంపెనీలను ముంచిన సంతయే రైతులకు, చిన్న క్లబ్బులకు వరమాయెను. మిగులు విమానములు పురుగుమందు చల్లినవి, గ్లైడర్లను లాగినవి, కొండ ప్రాంతములకు ఉత్తరములు మోసినవి.

పాత విమానమును పరీక్షించు విధము

గుడ్డ విమానము వయస్సును దాని పుట్టిన సంవత్సరముతో లెక్కించుట తెలివి కాదు. దానిలోని భాగములకు వేరువేరు వయస్సులు ఉండును. ఇంజను వయస్సు అది నడచిన గంటలలో ఉన్నది. సుమారు 1,800 గంటలు నడచిన 65 అశ్వశక్తుల కాంటినెంటల్ ఇంజనును పూర్తిగా విప్పి బాగుచేయవలెనని నిర్మాతల సలహా. అందుచే పాత విమానము కొనువాడు మొదట అడుగవలసినది విమానమును కాదు, దాని లాగ్ బుక్కును. ఎన్ని గంటలు ఎగిరినది, ఏ భాగము ఎప్పుడు మార్చిరి, ఏ ప్రమాదమునకు లోనైనది – ఇవన్నియు అందులో ఉండవలెను. పుస్తకములేని విమానము జాతకములేని పెండ్లికొడుకు వంటిది.

రెండవది గుడ్డ. తొలినాళ్ళలో నూలుగుడ్డను చట్రముపై బిగించి ‘డోపు’ అను ద్రావణమును పూతలుగా పూసెడివారు. డోపు ఆరునపుడు గుడ్డను డోలు చర్మమువలె బిగించును. ఎండయు తేమయు నూలు దారములను క్రమముగా తినివేయును. ఆ విమానమునకు విధించిన కొత్త గుడ్డ బలములో నూటికి 70 వంతులకు తగ్గినచో ఆ గుడ్డను తీసివేయవలసినదే. తరువాతి కాలమున పాలియెస్టరు గుడ్డ వచ్చి ఆయుర్దాయము పెంచినది. గుడ్డ మార్చుట పెద్ద ఖర్చే. కాని దానివలన ఒక గొప్ప మేలు కలదు: విమానము ఎముకల గూడు బయటపడును.

అసలు శత్రువు ఆ గూటిలోనే దాగి యుండును. అది త్రుప్పు. రెక్కకును శరీరమునకును నడుమనున్న ఉక్కు ఊతకమ్ములు బోలు గొట్టములు. వాటి లోపలికి చేరిన నీరు అడుగు కొనలో నిలిచి లోపలినుండి గొట్టమును కొరుకును. పైన రంగు నిగనిగలాడుచుండును; లోపల గోడ కాగితమువలె పలుచబడి యుండును. గాలిలో ఆ కమ్మి విరిగినచో రెక్క నిలువదు. 1993లో అమెరికా విమానయాన శాఖ పైపర్ ఊతకమ్ములను నియమిత కాలమున తప్పక పరీక్షింపవలెననియు, లేదా నీరు చొరకుండ మూసివేసిన కొత్త కమ్ములను వేయవలెననియు ఆజ్ఞాపించెను. ఏబదేండ్లు క్షేమముగా ఎగిరినది గనుక ఇకముందును ఎగురునని తలచుట తర్కదోషము. గడచిన కాలము పరీక్ష కాదు, పరీక్షయే పరీక్ష.

మన దేశమున

యుద్ధానంతరము మన ఫ్లయింగ్ క్లబ్బులును చాలకాలము టైగర్ మాత్ వంటి పాత విమానములపైననే ఆధారపడినవి. ఆ కొరత తీర్చుటకు బెంగుళూరులోని హిందుస్థాన్ సంస్థలో డాక్టర్ వి. ఎం. ఘాట్గే నాయకత్వమున ‘పుష్పక్’ రూపొందెను. 1958 సెప్టెంబరు 28న అది మొదటిసారి ఎగిరెను. ఇదియు కబ్ జాతిదే: ఎత్తున రెక్క, గుడ్డ కప్పు, తోకచక్రము, 90 అశ్వశక్తుల ఇంజను. ఆసనములు మాత్రము ప్రక్కప్రక్కన ఉండును. నూటయేబదికి పైగా తయారై దేశమందలి క్లబ్బులలో ఒక తరమువారికి విమానవిద్య నేర్పినవి.

మన వేసవి ఇట్టి విమానములకు ఒక పరీక్ష. హైదరాబాదులోని బేగంపేట సముద్రమట్టమునకు సుమారు 530 మీటర్ల ఎత్తున నున్నది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరినపుడు అచ్చటి గాలి సాంద్రత, 15 డిగ్రీల వద్ద సముద్రమట్టమున ఉండు ప్రామాణిక సాంద్రతకంటె సుమారు 13 శాతము తక్కువ. అదే బరువును ఎత్తుటకు వేగము సుమారు 7 శాతము పెరుగవలెను. వేగము వర్గము ననుసరించి నేలపై పరుగు 15 శాతము హెచ్చును. పలుచని గాలిలో ఇంజను శక్తియు తగ్గును గనుక దూరము ఇంకను పెరుగును. జనవరి ఉదయమున చాలిన బయలు మే మధ్యాహ్నమున చాలకపోవచ్చును. విద్యార్థులు తమ ఊరి ఎత్తును, ఉష్ణోగ్రతను తీసుకొని ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును.

తిరిగి దొరకిన ‘రోజీ’

కార్పెంటర్ విమానము యూరపులోనే మిగులు సరకుగా అమ్ముడుపోయెను. ఆస్ట్రియా దేశమున గ్లైడర్లను పైకి లాగు పనిలో అది ఏండ్ల తరబడి సేవ చేసెను. తుదకు గ్రాజ్ నగరములోని విమాన ప్రదర్శనశాలకు చేరెను. యుద్ధవీరుని విమానమని అచ్చట ఎవరికిని తెలియదు. చాలకాలము పిమ్మట పరిశోధకులు నిర్మాణ సంఖ్యలను సరిచూచి, ఇది ‘రోజీ’యే అని గుర్తించిరి. అది అమెరికాకు చేరి, పూర్వరూపమునకు తేబడి, మసాచుసెట్స్ రాష్ట్రములోని ఒక ప్రదర్శనశాలలో ఉంచబడినది.

ఆ విమానమును చరిత్రకు తిరిగి తెచ్చినది ఒక చిన్న సంఖ్య, దానిని వ్రాసిపెట్టిన కాగితము. పాత విమానమును గాలిలో క్షేమముగా నిలుపునదియు అట్టి కాగితమే – ఏ కమ్మిని ఎవరు, ఎప్పుడు పరీక్షించిరో నిజముగా వ్రాసిన పుట. రెక్క విమానమును ఎత్తును. ఆ రెక్కను నమ్మవచ్చునని చెప్పునది మాత్రము ఆ పుటయే.